బోర్లించిన సీరు

ఏడాదిగా ఎవరూ చేతపట్టని వస్తువు ఇంట్లో ఉండకూడదని నివేదిత అన్నప్పుడు అందరికంటే ముందు తల ఊపింది వల్లియమ్మే. ఊపక ఏం చేస్తుంది? ఆ ఇంట్లో ఎవరేమన్నా ముందుగా తల ఊపే పని ఆమెది. తమ్ముడు వేలుసామి కూరలో ఉప్పు తక్కువైందంటే ఊపుతుంది, ఎక్కువైందన్నా ఊపుతుంది. తమ్ముడి కొడుకు దినకరన్ తల్లిని పోగొట్టుకున్న పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఒళ్లోకి తీసుకుని పెంచింది తనే. అయినా వాడి పెళ్లి మాటలు జరిగినప్పుడు ఊపడమే తప్ప నోరు విప్పింది లేదు. ఇప్పుడు వాడి పెళ్లాం నివేదిత కాపురానికొచ్చి ఏడాది తిరక్కుండానే ఇల్లంతా ఖాళీ చేద్దామంటోంది. సరే, దానికీ ఊపింది.

అరవదేశంలోని తుడియలూరులో వాళ్ల ఇల్లు రోడ్డువైపు, పంపుల వర్క్‌షాపు పెరటివైపు. పొద్దున లేతు మిషను మొదలైతే సాయంత్రం దాకా దాని మోత గోడల్లో వినిపిస్తూనే ఉంటుంది. అలాంటి కొంపలో సామాను పెరగడానికి వేరే కారణాలు వెతకనక్కర్లేదు. కాలిపోయిన మోటారు డొక్కులు, రాగి తీగ అయిపోయిన చక్రాలు, ఏయే ఏటివో తెలియని క్యాలెండర్లు, ఎవరి పెళ్లిలోనో చేతికిచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు, మూతలు పోయిన డబ్బాలు, డబ్బాలు పోయిన మూతలు. నివేదిత ఫోనులో వీడియోలు చూసి ఒక పద్ధతి నేర్చుకుంది. ఒక్కో వస్తువునూ చేతిలోకి తీసుకుని, వాడుతున్నామా లేదా అని మనల్ని మనం అడగాలి. వాడుతుంటే ఉంచాలి, వాడకపోతే ఇన్నాళ్లూ మాతో ఉన్నావు, సంతోషం అని దండం పెట్టి పంపేయాలి. డబ్బా మూతకు దండం పెట్టేంత భక్తి ఈ కాలం పిల్లలకు ఎక్కడినుంచి వచ్చిందోగానీ, వినడానికి బాగానే ఉంది.

వేలుసామి ఊళ్లో లేకపోవడం చూసి పెట్టుకున్న పని ఇది. ఆయన ద్రాక్షతోటల బోర్లలో మోటార్లు దించే పని మీద కంబం వెళ్లాడు. ఇంట్లో ఉంటే తుప్పుపట్టిన బోల్టును కూడా గడప దాటనివ్వడు.

వల్లియమ్మ కొంగు నడుముకు చుట్టి దిగింది. బరువులు మోసింది ఆమె, దుమ్ము మింగింది ఆమె. ఉంచేవి ఒక పక్క, ఇచ్చేసేవి ఒక పక్క, పారేసేవి ఇంకో పక్క అని నివేదిత చూపిస్తుంటే మోకాళ్లు పట్టేసినా ఆగకుండా సర్దింది. పని చేస్తున్నంతసేపూ ఆ పిల్ల మీద ఆమెకు కోపం రాలేదు. పిల్ల మంచిదే, గొంతు పెంచి మాట్లాడదు, తనూ ఒంగి పని చేస్తుంది. పైగా గదులు ఒక్కొక్కటీ వెలుతురు పోసుకుంటుంటే చూడ్డానికి హాయిగా ఉంది.

ఎవరి సొంత వస్తువులు వాళ్లు మంచం మీద పరిచి చూసుకోవాలన్నది రెండో రోజు పని. దినకరన్ చొక్కాలకే మంచం చాల్లేదు. నివేదిత తన చీరలు చూసి తనే సిగ్గుపడింది. వల్లియమ్మ తనవి తెచ్చి పెట్టింది. కట్టుడు చీరలు కొన్ని, రెండు పట్టుచీరలు, దువ్వెన, బీపీ మాత్రల డబ్బా, కళ్లజోడు, ఊరికి వెళ్లే సంచి. మంచంలో ఒక మూల కూడా నిండలేదు. నివేదిత కాసేపు అలా చూసి, ఫోను తీసి ఫోటో పట్టింది. ఇలా బతకడమే కదా అందరూ నేర్చుకోవాలనుకునేది, మా అత్త ఎవరూ చెప్పకుండానే బతుకుతోంది అని స్నేహితురాళ్లందరికీ పంపింది. చప్పట్లు కొట్టే బొమ్మలు వచ్చిపడ్డాయి. వాటిని కూడా చూపించింది. వల్లియమ్మ నవ్వింది. వద్దనుకుని వదిలిందేదో, ఎన్నడూ చేతికి రానిదేదో ఫోటోలో ఎలా తెలుస్తుంది? ఆ మాట నోటిదాకా వచ్చి, పోనీలే అని ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నమే అటక వంతు వచ్చింది. దినకరన్ నిచ్చెన ఎక్కి పాత పంచె ఒకటి లాగాడు. దాని కింద వరసగా బోర్లించిన పాత్రలున్నాయి. ఇత్తడి అండా, అన్నం వండే తవలలు, వెడల్పు మూతి కంచు ఉరుళి, బిందెలు, ఒకదాని మీద ఒకటి ఎవర్‌సిల్వర్ స్టీలు గిన్నెలు. ఒక్కో దాని అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు వల్లియమ్మది. ఇవి అత్తవనీ, ముట్టకూడదనీ దినకరన్ పైనుంచే చెప్పాడు. ఎందుకని నివేదిత అడిగితే, తాత చెప్పాడు అన్నాడే తప్ప వాడికి అంతకుమించి తెలియదు.

అప్పుడు వల్లియమ్మ చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె మెడ కొంచెం నిటారుగా అయింది. పెళ్లిలో పుట్టింటివాళ్లు పెట్టిన సీరు అది. మేలూరులో మొగుడు ఇంకొకతెను తెచ్చి పెట్టుకుంటే, పెద్దలు పోయి తననూ తన సీరునూ ఒకే లారీలో తెచ్చారు. తమ నాయుళ్లలో ఒక కట్టుబాటు ఉంది. అలా తిరిగొచ్చిన ఆడబిడ్డ సీరును పుట్టింటివాళ్లు వాడరు. ఆ బిడ్డ చేతనే బోర్లింపించి ఎత్తి పెడతారు.

"అది మరియాద. ఆ పొద్దు సొంతమోళ్లంతా కూర్చోనుండగా నాయన నా తలమీద చెయ్యి పెట్టి, నీ సొత్తు నీదేమ్మా, మేమెవరం తాకము, నీ చేత్తోనే బోర్లించు అన్నాడు. అంత అవమానంలో ఆ ఒక్క మాటే తాన్ నన్ను నిలబెట్టింది."

"అయితే ఇంతవరకు దీంట్లో ఎవరూ వండలేదా అత్తా? మీరు కూడానా?"

"నాకేమిటికి? నేను వండేది ఇంటోళ్లకు గదా. ఇంటి పాత్రల్లో వండుతాను."

నివేదిత నిచ్చెన పట్టుకుని పైకి చూసింది. తర్వాత మెల్లగా, వడవళ్లి పక్కన తల్లిదండ్రులు లేని పిల్లల ఆశ్రమం ఒకటి ఉందనీ, అక్కడ వంటకు పెద్ద పాత్రలు లేక అవస్థ పడుతున్నారనీ చెప్పింది. మర్యాద మనసులో ఉంటే చాలు, దాన్ని అటక మీద దాచడమెందుకంది.

"మీ పేరు మీదనే ఇస్తామత్తా. మీకు సరేనా? మీరు ఒద్దంటే ఒద్దు."

మీకు సరేనా అని ఆ ఇంట్లో వల్లియమ్మను ఎవరూ అడగలేదు. ఏ గదిలో పడుకుంటావనీ అడగలేదు, ఏం తింటావనీ అడగలేదు. నాయన పోయాక కాగితాల మీద వేలిముద్ర పెట్టమన్నారు, పెట్టింది. అప్పుడూ సరేనా అని ఎవరూ అడగలేదు. ఈ పిల్ల అడిగింది. అడిగిందన్న సంతోషంలో ఏం అడిగిందో సగమే విని, సరి అనేసింది.

సాయంత్రం ఆశ్రమం వ్యాను వచ్చి అన్నీ ఎక్కించుకుపోయింది. కంచు ఉరుళిని మాత్రం నివేదిత ఉంచుకుంది. ఇంత అందమైనదాన్ని పంపడానికి మనసొప్పడం లేదంది. చింతపండు పెట్టి వల్లియమ్మే దాన్ని తోమింది. పాత్ర లోపలివైపు చెయ్యి పోనిచ్చి అడుగంతా రుద్దడం ఆమెకు అదే మొదటిసారి. బోర్లించి పెట్టినదానికి బయటివైపే కదా ఎవరికైనా కనపడేది. నివేదిత దాన్ని ఖాళీ చేసిన హాలులో పీట మీద పెట్టి, నీళ్లు పోసి, చామంతి రేకులు వదిలింది. హాలంతటికీ అదొక్కటే వస్తువు. చూడ్డానికి గుడిలా ఉంది.

మర్నాడంతా వల్లియమ్మకు కాలు నిలవలేదు. పన్ను పీకించుకున్నాక నాలుక ఆ సందులోకే పోయినట్టు చూపు అటకవైపే పోతోంది. నాయన మాట జవదాటానని ఒకసారి గుండె పీకింది. తన సొత్తు తన ఇష్టం కదా అని ఇంకోసారి సర్దుకుంది. మధ్యాహ్నం ఆశ్రమంవాళ్లు ఒక ఫోటో పంపారు. కట్టెల పొయ్యి మీద ఆమె అండా, అందులో ఉడుకుతున్న సాంబారు. వెనక కంచాలు పట్టుకుని నిలబడ్డ పిల్లలు. వల్లియమ్మ చెయ్యి తుడుచుకుని ఫోను పట్టుకుంది. ఒకసారి చూసి ఇచ్చేసింది. కాసేపటికి మళ్లీ వెళ్లి ఇంకోసారి చూపించమ్మా అంది. ఆ పాత్రకు నిప్పు తగలడం తను చూస్తాననుకోలేదు.

ఆ సంజెవేళే వేలుసామి కంబం నుంచి దిగాడు. చేతిలో ద్రాక్షపళ్ల పెట్టె. గుమ్మంలో ఒక చెప్పు విడిచి, రెండోది విడవకుండానే ఆగిపోయాడు. ఆయన చూస్తున్నది ఖాళీ అయిన హాలును కాదు, ఉరుళిని. పళ్లపెట్టె కింద పెట్టి లోపలికొచ్చి, నీళ్లతో సహా దాన్ని ఎత్తుకుని పెరట్లోకి పోయి, కరివేపాకు మొదట్లో వంచేశాడు. కొంగుతో తుడవబోయిన అక్కను దగ్గరికి రానివ్వలేదు. తన తుండుతోనే తుడిచి, తెచ్చి గోడ పక్కన బోర్లించాడు.

"దీంట్లో ఏమైనా వండినారా?"

పూలే వేశామని నివేదిత చెప్పింది. వండలేదు గదా అని ఆయన మళ్లీ అడిగాడు. లేదంది. మిగతావి ఏవని అడిగాడు. ఆశ్రమానికి ఇచ్చేశామనీ, అత్త సరేనందనీ నివేదిత చెప్పింది. వేలుసామి ముఖంలో రక్తం లేదు. వల్లియమ్మ నీళ్లచెంబుతో నిలబడే ఉంది. ఆయన అందుకోలేదు. విడిచిన చెప్పు మళ్లీ తొడుక్కుని, వర్క్‌షాపు చిన్న లారీ తాళం తీసుకుని వెళ్లిపోయాడు.

వల్లియమ్మ ఆ చెంబు పట్టుకునే వంటింట్లోకి వచ్చి కూలబడింది. ఏడుపొచ్చింది. దుఃఖంతో కాదు. నా సామాను పోయిందని నా తమ్ముడు గుక్కెడు నీళ్లు కూడా తాగకుండా పరిగెత్తాడే అని. ఇన్నాళ్లూ పలకరించినా పలకరించకపోయినా వాడి లోపల ఇంత ఉందన్నమాట. నాయన ఇచ్చిన మాట నాయనతో పోలేదు. తనే తెలివితక్కువగా సరి అని దాన్ని గడప దాటించింది. కళ్లు తుడుచుకుని, వాడికిష్టమని ఉలవలు ఉడికించి కొళ్లు రసం పెట్టింది. ఆశ్రమం గేటు వేసేశారట, వేలుసామి చీకటి పడ్డాక ఉత్తచేతులతో వచ్చి మాట్లాడకుండా తిని పడుకున్నాడు. అయినా రసం రెండుసార్లు వేయించుకున్నాడు. ఆమెకది చాలు.

పొద్దున్నే మళ్లీ వెళ్లాడు. ఇచ్చిన దానం వెనక్కి అడగడమంటే మాటలు కాదు. అంగడిలో కొత్త అల్యూమినియం పాత్రలు కొని తీసుకుపోయి, వాటికి బదులు పాతవి ఇవ్వమన్నాడట. తోడు వెళ్లిన దినకరన్ ముఖం మాడ్చుకుని దిగాడు. తండ్రీకొడుకులు పాత్రలు తెచ్చి హాలులో పెడుతున్నారు. వల్లియమ్మ వంటింట్లో మజ్జిగ చిలుకుతోంది. ఆశ్రమంలో పిల్లల ముందు తల ఎత్తుకోలేకపోయాననీ, వాడని సామాను కోసం ఇంత అవమానం ఎందుకనీ దినకరన్ గొణగడం వినిపించింది. వేలుసామి గొంతు తగ్గించాడు. లేతు మోతలో పెరిగినవాడి గొంతు తగ్గితే ఎంత తగ్గుతుంది?

"నీకేమి తెలుసురా. ఆమె సీరు మన పొయ్యి ఎక్కిందంటే మనం ఆమె సొత్తు తిన్నోళ్లమవుతాము. తిన్న ఇల్లు ఆమెకు సరిపాతి ఇయ్యాల, ఇంట్లో సగం, వర్క్‌షాపులో సగం. ఈ కట్టుబాటు కోర్టులో చెల్లదు, సరి. మనోళ్లు నలుగురు వచ్చి నడింట్లో కూర్చోని అడిగితే ఏమి చెప్పుతావు? అందుకే తాత ఆ పొద్దు అందర్నీ పిలిపించి, ఆమె చేత్తోనే బోర్లింపించినాడు. నేను ఈ ఇంటిదాన్ని కాదు, నాకేమీ ఒద్దు అని ఆమే చెప్పినట్లు."

"అత్తకు తెలుసునా?"

"తెలిసుంటే బోర్లించునా?"

కవ్వం ఆగిపోయింది. వెన్న తేలిన మజ్జిగలోకి చూస్తూ వల్లియమ్మ అలాగే కూర్చుంది. ముందుగా ఆమెకు తమ్ముడి మీద కోపం రాలేదు. నాయన చెయ్యి గుర్తొచ్చింది. ఆ చెయ్యి తల మీద ఉన్నప్పుడు తగిలిన వెచ్చదనం ఇన్నేళ్లూ ఆమె ఆస్తి. ఒళ్లు నొప్పులతో పడుకున్న రోజున, ఎవరో చుట్టం తమ్ముడి ఇంట్లో ఉంటున్నావా పావం అని జాలిపడ్డ రోజున, దాన్నే తీసి చూసుకునేది. నాకొక మర్యాద ఉంది, అటక మీద ఉంది అనుకునేది. ఆ చెయ్యి దీవించడానికి కాదు, వంచడానికి పెట్టిందా? అంతమంది చూస్తుండగా తనతోనే తన నోరు మూయించి, దాన్ని గౌరవమని నమ్మించి పంపాడా కన్నతండ్రి? తమ్ముడు పరిగెత్తింది తన సామాను కోసం కాదు. తను ఎక్కడ ఇంటి మనిషినైపోతానో అని. నిన్న ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చి ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. వాడికి కొళ్లు రసం పెట్టిన చేతుల్ని చూసుకుంది. ముప్పై ఏళ్లు ఈ చేతులు ఇంటోళ్లకు వండాయి. ఇంటోళ్లు అనే మాటలో తను లేదని మొన్న తన నోటితోనే చెప్పింది, అదీ గొప్పగా.

"అక్కా," హాలులోంచి వేలుసామి పిలిచాడు. గొంతులో ఎప్పటి ప్రేమే ఉంది. "రా. నీ సామాన్లన్నీ పట్టుకొచ్చేసినాను. ఒక్కటీ పోలేదు. నీ చేత్తో మళ్లీ బోర్లించి ఇయ్యి, దినకరన్ పైకెక్కిస్తాడు."

వల్లియమ్మ వచ్చింది. పాత్రలన్నీ లారీలోంచి దించినట్టే అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఒంగి ఒక్కొక్కదాని అడుగు తడిమింది. మసి. తోమినా పూర్తిగా పోలేదు, వేళ్లకు అంటుకుంది. వేలుసామి కూడా ఆ మసి చూశాడు. పరవాలేదక్కా, అది వేరేవాళ్ల పొయ్యి కదా, తప్పులేదు అని ఓదార్చాడు. ఆమె మధ్యరకం తవల ఒకటి తీసి చంకన పెట్టుకుంది. కడగడానికనుకుని ఆయన దారి ఇచ్చాడు.

కడిగింది కూడా. పీచుతో లోపలా బయటా రుద్ది కడిగి, నీళ్లు పోసి, స్టవ్ మీద పెట్టి ముట్టించింది. తర్వాత చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ కూర్చుంది. వేలుసామి గుమ్మం దగ్గరికి వచ్చి చూశాడు. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి నీళ్లు మరగడం మొదలైంది.

"అక్కా, అదేమిటికి? ఇంటి పాత్రలుండాయి గదా."

"పొద్దెక్కింది. వండుతాండాను."

"దాంట్లో ఒద్దు. దించు."

వల్లియమ్మ బియ్యం కడిగి, తమ్ముడి ముఖంలోకి చూసి, తవలలో పోసింది. ఆయన రెండడుగులు లోపలికి వేశాడు. పొయ్యి మీద ఉడికే అన్నాన్ని చేత్తో తోసేయడం ఎంతటివాడికైనా అంత సులువు కాదు. గుమ్మంలోకే వెనక్కి తగ్గాడు.

"నాయన మాట తప్పుతాండావు."

"నాయన మాట ఇప్పుడు తాన్ సరిగా విన్నాను తమ్ముడూ. కవ్వం ఆపి విన్నాను."

దినకరన్ హాలులో తల వంచుకుని నిలబడ్డాడు. అన్నం ఉడికిన వాసన ఇల్లంతా పాకింది. ఆమె గంజి వార్చింది, పప్పు తాలింపు పెట్టింది. అన్నీ ఎప్పటిలాగే చేసింది.

మధ్యాహ్నం లేతు ఆగాక ముగ్గురికీ కంచాలు పెట్టింది. అలవాటు మనిషిని లాక్కొచ్చి కూర్చోబెడుతుంది. వేలుసామి వచ్చి కూర్చున్నాడు. ఆమె తవలలోంచి తీసి వడ్డించింది. తెల్లని అన్నం, ఆవిరి లేస్తోంది. ఆయన చాలాసేపు దానివైపు చూశాడు. చెయ్యి కంచం అంచుదాకా వచ్చింది. బోరు దగ్గరికి మనిషిని పంపాలి, మరిచిపోయాను అని లేచి చొక్కా తొడుక్కుని వెళ్లిపోయాడు. మేట్టుపాళయం రోడ్డు మీద మెస్సులో తింటాడని అందరికీ తెలుసు.

దినకరన్ అప్పటికే పప్పు కలిపాడు. వేళ్లు అన్నంలోనే ఉన్నాయి. తండ్రి వెళ్లిన గుమ్మంవైపు చూశాడు. వల్లియమ్మ గరిటె పట్టుకుని వాడి చేతినే చూసింది. ఇల్లూ వర్క్‌షాపూ ఏమైతే ఆమెకేం, వీడు ఒక్క ముద్ద నోట్లో పెడితే చాలనుకుంది. పాలు విడిచిన నాటినుంచి తన చేతి ముద్ద తప్ప ఇంకోటి ఎరగనివాడు. నాకాకలి లేదత్తా అన్నాడు వాడు, ఆమె ముఖం చూడకుండా. లేచి చెయ్యి కడుక్కున్నాడు. కొళాయి చాలాసేపు పారింది.

నివేదిత ఒక్కతే మిగిలింది. ఆ పిల్ల మామ మాటలు విన్నదో లేదో, విని తెలియనట్టు ఉందో వల్లియమ్మకు తెలియలేదు. ముద్ద కలుపుకుని తింది. ఇంకొంచెం పప్పు వేయించుకుంది. ఈ పాత్రలో అన్నం బాగా వచ్చిందత్తా అంది. ఆ పిల్లకు పాత్ర పాత్రే, దానికి వెనకా ముందూ లేవు. ఈ ఇంట్లో తనతో కూర్చుని తినగలిగింది ఏమీ తెలియనిదొక్కతే అన్నమాట.

దినకరన్ కలిపి వదిలేసిన కంచం ఎదురుగా ఉంది. చిన్నప్పుడు వాడు వదిలింది తనే తినేది, ఆ ఎంగిలి ఎన్నడూ ఎంగిలనిపించలేదు. ఈసారి ఆ కంచాన్ని పక్కకు జరిపింది. తన కంచం తెచ్చుకుని, అందరూ తిన్నాక కాకుండా, కోడలి పక్కనే కూర్చుని వడ్డించుకుంది. నివేదిత తవలలోకి తొంగి చూసి, అన్నం చాలా మిగిలిపోయిందే, రాత్రికి ఏం చేద్దామత్తా అని అడిగింది.

"రాత్రికి మళ్లీ వండుతాను. దీంట్లోనే, నలుగురికీ. తినేది మానేది వాళ్ల ఇష్టం."

అని, చల్లారిపోతున్న అన్నంలో పప్పు కలుపుకుంది.